ఫోన్ బుట్టలో వేసిన శనివారం

సికింద్రాబాద్‌లో ఒక చర్చి వాళ్లు ఉద్యోగస్తుల కోసం నెలకోసారి పెట్టే ఒకరోజు రిట్రీట్‌కు (పనులు పక్కనపెట్టి ప్రార్థన, ప్రసంగాలతో గడిపే కూటానికి) మొన్న వెళ్లాను. భోజనంతో కలిపి 600 రూపాయలు. గచ్చిబౌలిలో పేరోల్ సపోర్ట్ నాది. ఆర్నెల్లుగా నైట్ షిఫ్టు; ఆదివారం ఆరాధనలో నిలబడే కునుకు తీస్తున్నాను.

మొదటి సెషన్ నచ్చలేదు. అలసట వచ్చిందంటే ప్రార్థన తగ్గినట్టేనట. బైబిల్లో కొలొస్సయులకు 3:23 చూపించి, ఏ పనైనా ప్రభువు కోసమన్నట్టు మనసుపెట్టి చేయాలన్నారు. మా మేనేజరూ అదే అంటాడు, ప్రభువు పేరు లేకుండా.

డబ్బు గిట్టింది రెండో సెషన్‌లోనే. కౌన్సెలింగ్ చేసే ఆంటీ మొదటి రాజులు 19వ అధ్యాయం తీశారు. ఇక చాలు, చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ప్రసంగం చేయలేదు, లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనిచోటి ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా గుర్తించిందనీ ఆవిడే చెప్పారు. "నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికెళ్లు నాన్నా, అదేం అవిశ్వాసం కాదు" అన్నారు. పక్కాయన చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

పప్పుచారు అమోఘం, చికెన్‌లో కారం ఎక్కువ. గేటు దగ్గరే ఫోన్లు బుట్టలో వేయించుకుంటే చిరాకేసింది. సాయంత్రం చూస్తే 42 మెసేజ్‌లు, కొంప మునిగేది ఒక్కటీ లేదు.

పార్కింగ్ లేదు, మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి ఆటో ఎక్కండి. నేను మళ్లీ వెళ్తాను, రెండో సెషన్ వేళకి.