మజురోలో తొమ్మిది రాత్రులు, తరోవాలో మొదటి నెల

మార్షల్ దీవుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లేవారికి ముందే చెబుతున్నాను. రాజధాని మజురోలో గది తీసుకునేటప్పుడు రాత్రికి ఎంత అని కాదు, విమానం రద్దయితే ఎంత అని అడగండి. మేము అడగలేదు.

హొనొలులు నుంచి అయిదు గంటల ప్రయాణం. మధ్యలో దినరేఖ దాటడంతో క్యాలెండరులో ఒక రోజు మాయం. మమ్మల్ని పంపినవారు మజురోలో రెండు రాత్రులకే డబ్బిచ్చారు. మూడో రోజు మలోయెలాప్ అనే దీవుల వలయంలోని తరోవా దీవికి వెళ్లే చిన్న విమానం ఎక్కాలి. మేము పాఠాలు చెప్పాల్సింది అక్కడే. అది మరమ్మతులో ఉందన్నారు. రెండు రాత్రులు తొమ్మిదయ్యాయి. మొదట 85 డాలర్లన్న గది మూడో రోజు నుంచి 110 అయింది. "మీకు వేరే దారి లేదు కదా" అన్నాడు కౌంటరు దగ్గరి మనిషి నవ్వుతూ. నిజమే, కానీ ముఖం మీదే అనాలా? ఏసీ నీళ్లు మంచం కోడు పక్కనే కారేవి. కింద పెట్టిన ఐస్‌క్రీం డబ్బా రోజుకు రెండుసార్లు నేనే పారబోశాను. విమానాశ్రయం నుంచి ఉచితంగా తీసుకొస్తామన్నవాళ్లు బిల్లులో 15 డాలర్లు వేశారు. ఇదేమిటంటే, ఉచితం మనుషులకే, సామానుకు కాదట! మొత్తం 785 డాలర్లు మా జేబులోంచి పోయాయి. మా ఆవిడ ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఆ బిల్లు కూడి, మళ్లీ కూడి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గది కుదిర్చింది నేనే మరి.

ఊళ్లో తిరగడం మాత్రం సులువు. ఉన్నది ఒకటే పొడవాటి రోడ్డు. చెయ్యెత్తితే టాక్సీ ఆగుతుంది, అప్పటికే ఎక్కినవాళ్ల పక్కన సర్దుకుని కూర్చోవడమే. మనిషికి ఒక డాలరు ఇచ్చాం.

పదో రోజు విమానం వచ్చింది. సామానుతో పాటు మమ్మల్నీ తూచారు. మనిషికి 30 పౌండ్లే కాబట్టి పుస్తకాల పెట్టె అక్కడే ఆగిపోయింది. ఓడలో అయిదు వారాలకు చేరింది. మీరు పుస్తకాలు తగ్గించుకుని టార్చి, మందులు, అదనంగా ఒక చెప్పుల జత పెట్టుకోండి.

తరోవాలో దిగిన చోటు యుద్ధకాలంలో జపాన్ వాళ్లు వేసిన రన్‌వే. కొబ్బరిచెట్ల మధ్య ఆనాటి యుద్ధవిమానాలు ఇంకా తుప్పుపడుతున్నాయి. "యొక్వే" (అక్కడి పలకరింపు) అంటూ పిల్లలు మా సంచులు లాక్కుని ముందు నడిచారు. మాకిచ్చింది ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు ఉన్న గది. మొగలి ఆకుల చాప మీద పడక. అద్దె లేదు. కప్పు మీద పడ్డ వాన నీళ్లు గొట్టం గుండా తొట్టిలోకి చేరతాయి, తాగడానికి అవే. స్నానానికి కాస్త ఉప్పగా ఉండే బావి నీళ్లు. మూడో రోజు నేను తొట్టి కుళాయి కింద ధారాళంగా చేతులు కడుగుతుంటే, ఇంటి పెద్దావిడ మాటైనా మాట్లాడకుండా వచ్చి కుళాయి సగం తిప్పి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తరగతిలో తొలి వారం నాకు ఒళ్లు మండింది. "అర్థమైందా?" అంటే ఒక్కరూ పలకరు, కనుబొమ్మలు ఎగరేస్తారు. పొగరనుకున్నాను. అది అక్కడ 'అవును' అని చెప్పే పద్ధతని మా ఆవిడే కనిపెట్టింది.

ఇక బ్విరో. సీమపనస పండ్లను సముద్రపు నీటిలో నానబెట్టి, ఆకులు పరిచిన గోతిలో పులియబెడతారు. తర్వాత ఆ ముద్దను కడిగి, కొబ్బరిపాలు కలిపి, ఆకుల్లో చుట్టి కాలుస్తారు. విప్పగానే పులిసిన దోసెల పిండి వాసన. నేను వెనక్కి జరిగాను. మా ఆవిడ మాత్రం నా వాటా కూడా తినేసి, మజురో బిల్లు తర్వాత మొదటిసారి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో మజురోలో ఇంటి పెద్దావిడ చెల్లెలి ఇంట్లో ఉండబోతున్నాం. విమానం ఎన్నాళ్లు ఆగితే అన్నాళ్లు. ఎంత ఇవ్వాలని అడిగితే, 20 పౌండ్ల బియ్యం సంచి తెస్తే చాలని కబురు పంపింది.