మూడు హెల్మెట్లు, ఒక లైసెన్సు

నేను ఒంగోలులో ఒక కాలేజీ బస్సు నడుపుతాను. ఇల్లు త్రోవగుంటలో. తెల్లవారుజామున అయిదున్నరకి బైకు తీస్తే హైవే మీదుగా షెడ్డుకి, సాయంత్రం అదే దారిన ఇంటికి. ఇరవై రెండేళ్లుగా స్టీరింగే నాకు కూడు పెడుతోంది. 2025 ఏప్రిల్‌లో ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక షాపులో మూడు హెల్మెట్లు కొన్నాను. నాకొకటి, మా ఆవిడకొకటి, తొమ్మిదేళ్ల పాపకొకటి. బాగా వాడాక రాస్తేనే న్యాయమని ఇన్నాళ్లు ఆగాను. కొన్న వారంలోనే రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి.

షాపు పేరు రాయడం లేదు. ఎండకి బోర్డు వెలిసిపోయి సగం అక్షరాలు కనబడవు. పైగా కింద రెండు తిట్లు కూడా ఉన్నాయి, పెద్దాయన బాధపడతాడు.

ముందు ఎందుకు కొన్నానో చెప్పాలి. ప్రాణం మీద తీపితో అంటే అబద్ధం అవుతుంది. లైసెన్సు పోతుందన్న భయంతో కొన్నాను.

మా బావమరిది చీమకుర్తి గ్రానైట్ క్వారీలో టిప్పర్ డ్రైవరు. 2025 మార్చి 1 నుంచి మన రాష్ట్రంలో హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు అన్నారు గదా. వాడు తెలివిగా, రోడ్డు పక్కన పట్టా పరిచి అమ్మే టోపీ ఒకటి నూట ఎనభైకి కొన్నాడు. చూడ్డానికి నల్లగా, గుండ్రంగా హెల్మెట్ లాగానే ఉంటుంది. లోపల పల్చటి స్పాంజి, అంతే. "వెయ్యి పోయేచోట నూట ఎనభైతో సరిపెట్టాను బావా, ఎనిమిది వందల ఇరవై మిగిలాయి" అన్నాడు. వాడి లెక్క వాడిది.

కర్నూలు రోడ్డులో చెకింగ్ పెట్టి ఆపారు. అక్కడున్న ఎస్సై టోపీని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కితే సొట్ట పడిందట. "ఇది పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే" అని చలానా రాశాడు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నెత్తి మీద నల్లటిది ఏదో ఒకటి ఉంటే చాలదు. దెబ్బ నుంచి కాపాడే ఆకారం, సరుకు ఉండాలి. పట్టీతో తలకి బిగించి ఉండాలి. అంటే మూడు వేలు పెట్టి కొన్న హెల్మెట్ అయినా, పట్టీ వేలాడేసుకుని పోతే లేనట్టే లెక్క.

వెయ్యి కట్టేస్తే వదిలిపోతుందనుకున్నాడు వాడు. లైసెన్సు కూడా అడిగి తీసుకున్నారు. 194డి సెక్షన్‌లో వెయ్యి పక్కనే ఇంకో ముక్క ఉంది, మూడు నెలల పాటు లైసెన్సుకి అనర్హత. పోలీసులు కార్డు తీసుకుని రవాణా శాఖకి పంపుతారు. అక్కడ మన మాట చెప్పుకోనిస్తారు, ఆ తర్వాత వాళ్ల నిర్ణయం. నాకు తెలిసిన చాలామందికి చలానాతోనే పోయింది. వీడికి పోలేదు.

మాలాంటి వాళ్లు కూడా చాలామంది పట్టించుకోని సంగతి ఇక్కడే ఉంది. మూడు నెలలు ఆగేది బైకు ఒక్కటే కాదు. కార్డు ఒకటే. అందులో బైకూ ఉంది, కారూ ఉంది, హెవీ ట్రాన్స్‌పోర్టూ ఉంది. బైకు మీద పెట్టుకున్న టోపీ బాగాలేదని వాడు టిప్పర్ దిగాల్సి వచ్చింది. చాటుగా నడుపుదామా అంటే, అనర్హత ఉండగా బండి నడిపితే పదివేల జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు, రెండూ పడినా పడొచ్చు. జరగరానిది జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు, ఇచ్చిన డబ్బు తిరిగి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని చూస్తారు. అది తెలిసిన ఏ ఓనరూ తాళాలు ఇవ్వడు. వీడి ఓనరు మంచివాడు కాబట్టి పని మానిపించలేదు. స్టాకు యార్డులో గ్రానైట్ దిమ్మెలకి పెయింటుతో నంబర్లు వేసే పనిలో పెట్టాడు, సగం జీతానికి. మండుటెండలో నల్లరాళ్ల మధ్య మూడు నెలలు! గడువు అయ్యాక కూడా కార్డు ఊరికే చేతిలో పెట్టరు. డ్రైవర్లకి ఇచ్చే రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే తిరిగి ఇస్తారు. మళ్లీ ఇలాంటి తప్పుతోనే ఆ కార్డు రవాణా శాఖకి చేరిందంటే, ఈసారి చట్టంలో రాసి ఉన్నది సస్పెన్షన్ కాదు, రద్దు.

దిమ్మెల మధ్య రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డ వాణ్ణి చూసొచ్చిన మర్నాడే నేను షాపుకి వెళ్లాను.

అది అసలు సీటు కవర్లు కుట్టే షాపు. ముందు కుట్టుమిషను, రెగ్జిన్ చుట్టలు. వెనక గోడకి మేకులు, మేకులకి హెల్మెట్లు. ఓనరుకి డెబ్బై దగ్గర పడి ఉంటాయి.

"పోలీసులకా, తలకాయకా అబ్బాయ్?" అన్నాడు.

"లైసెన్సుకి బాబాయ్."

"డ్రైవరువా?" అని నవ్వి, మెడలో వేసుకున్న టేపు తీసి నా కనుబొమల పైనుంచి చుట్టూ కొలిచాడు. బట్టలకి కొలతలు ఇచ్చాను గానీ తలకి ఇవ్వడం అదే మొదలు. యాభై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు వచ్చింది. అరవై సైజు తీసి పెట్టాడు. బుగ్గలు నొక్కుకుపోయి, లడ్డూ నోట్లో పెట్టుకున్నవాడిలా కనిపించాను అద్దంలో. ఇంకో సైజు పెద్దది ఇమ్మన్నాను. "మొదటిరోజే సుఖంగా ఉందంటే అది నీది కాదు" అని ఇవ్వనన్నాడు. గడ్డం దగ్గర పట్టుకుని నా తల అటూ ఇటూ ఊపాడు. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కూడా కదలాలట. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులని లెక్క. ఇష్టం లేకపోయినా అదే తీసుకున్నాను. నెలలోపే లోపలి స్పాంజి సర్దుకుంది. ఆయన మాట వినకుండా పెద్దది కొని ఉంటే ఇప్పుడు బుట్ట బోర్లించినట్టు ఉండేది.

ఐఎస్ఐ గుర్తు కూడా ఆయనే చూపించాడు. గుర్తు పైన ఐఎస్ 4151 అని హెల్మెట్ల ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉండాలి. ఆయన మనవడు ఆ నంబరుని ఫోనులో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూపిస్తే కంపెనీ పేరు వచ్చింది. హెల్మెట్ మీద ఉన్నదీ అదే పేరు. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనివి తయారుచేయకూడదు, అమ్మకూడదు. పట్టా పరిచి అమ్మేవాడు కేసులో ఇరుక్కుంటే వాడికి జరిమానాయే రెండు లక్షల నుంచి మొదలవుతుంది. అయినా రోడ్డు పక్కన కుప్పలు అలాగే ఉన్నాయి.

ధరలు: నాది ముఖం మొత్తం కప్పేది 1,450. మా ఆవిడది ముందు తెరిచి ఉండే రకం 1,050. పాపది 900. బేరమాడితే మొత్తం మీద నూట యాభై తగ్గించాడు. కొత్త బండి కొన్నప్పుడు కంపెనీయే ఒక హెల్మెట్ ఇవ్వాలని రూలు ఉంది. నా బండితో వచ్చింది అటక మీద ఉండేది, దాన్లో పిల్లి పిల్లల్ని పెట్టింది.

ఇక వాడకం. మొదటి పది రోజులు మెడ లాగింది, తర్వాత బరువు తెలియలేదు. నచ్చినది పట్టీ బిగించే తాళం. పళ్ల పట్టీ దూర్చితే టకటకా పడుతుంది, తీయాలంటే ఒక ఎర్ర నాడా లాగితే చాలు. చీకట్లో కూడా చెయ్యి వెతుక్కోనక్కర్లేదు. కష్టంగా ఉంటే నేను పట్టీ పెట్టుకునేవాణ్ణి కాదు, నా సంగతి నాకు తెలుసు. సాయంత్రం పూట పురుగులు కంట్లో పడటం, లారీల వెనక దుమ్ముకి కళ్లు ఎర్రబడటం పోయాయి. హారన్లు వినబడవని భయపెట్టినవాళ్లున్నారు. వినబడతాయి. గాలి హోరు తగ్గుతుంది, అంతే.

నచ్చనిది వేడి. రోహిణి కార్తెలో ఒంగోలు సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే చెమట కనుబొమల మీదుగా కారుతుంది. నాది లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునే రకం కాదు. మూడు వందలు ఎక్కువ పెడితే ఆ రకం వచ్చేది, నేనే కక్కుర్తి పడ్డాను. ఆగస్టుకల్లా మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఇప్పుడు లోపల నూలు గుడ్డ టోపీ పెట్టుకుని, దాన్ని రోజూ ఉతుక్కుంటున్నాను. మీరు మాత్రం ఆ మూడు వందలూ పెట్టేయండి.

ముందు గ్లాసు నాలుగు నెలలకే గీతలు పడింది. తప్పు సగం నాది, పొడి గుడ్డతో దుమ్ము తుడిచేవాణ్ణి. ముందు నీళ్లు పోసి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో ఒత్తాలట. గీతలున్న గ్లాసులోంచి చూస్తే ఎదురొచ్చే లారీ లైటు మతాబాలా చిమ్ముతుంది, రోడ్డు కనబడదు. అలాంటి గ్లాసు పైకెత్తి నడపడమే నయం.

మా ఆవిడ హెల్మెట్‌కి వచ్చిన చిక్కు కంపెనీవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. కొప్పు ఉంటే హెల్మెట్ దిగదు. దిగితే మల్లెపూలు నలుగుతాయి. ఇప్పుడు కింద జడ వేసుకుని, పూలు కవరులో పెట్టుకుని, కల్యాణమండపం గేటు దగ్గర తురుముకుంటోంది. మొదట్లో "నా తల సంగతి నేను చూసుకుంటాను, మీకెందుకండీ" అనేది. వెనక కూర్చున్న మనిషికి హెల్మెట్ లేకపోయినా చట్టం పట్టుకునేది బండి నడిపేవాణ్ణే. తల ఆవిడది, లైసెన్సు నాది. ఆ ముక్క చెప్పాక ఇంక మాట్లాడలేదు.

పాప హెల్మెట్ గులాబీ రంగుది, దాని మీద పిల్లి బొమ్మ. అది తీయమంటేనే ఏడుపు. నాలుగేళ్లు దాటిన పిల్లలందరికీ హెల్మెట్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవాళ్లకీ, తొమ్మిది నెలల నుంచే, 2023 ఫిబ్రవరి నుంచి రూలు వచ్చింది. హెల్మెట్, పిల్లల్ని నడిపేవాడికి కలిపి కట్టే పట్టీ, నలభై దాటని వేగం ఉండాలి. కార్తీక పౌర్ణమికి కొత్తపట్నం సముద్రానికి ముగ్గురం మూడు హెల్మెట్లు పెట్టుకుని దర్జాగా బయల్దేరాం. దారిలో ఒక కానిస్టేబుల్ ఆపి, ముగ్గురి తలలూ చూసి, "హెల్మెట్లు మూడూ బాగున్నాయండీ, మనుషులే ఒకరు ఎక్కువ" అన్నాడు.

చిన్నపిల్ల లెక్కలోకి రాదనుకున్నాను. వస్తుంది. నడిపేవాడు కాక ఇంకొక్కరే ఎక్కాలి. ముగ్గురెక్కితే 194సి కింద మళ్లీ అదే వెయ్యి, అదే మూడు నెలలు. ఆయన చలానా రాయలేదు, తల్లీకూతుళ్లని ఆటో ఎక్కించి నన్ను వెనకాల రమ్మన్నాడు. పాప ఆటోలో కూడా హెల్మెట్ తీయలేదట, ఆటోలో వాళ్లంతా నవ్వారు.

మేనల్లుడి ముచ్చట కూడా చెప్పేస్తాను. బండి అడిగితే ఇచ్చాను, వాడు ఉత్త తలతో తిరిగాడు, నంబరు ప్లేటు ఫొటోతో చలానా నా ఫోనుకి వచ్చింది. చట్టం కూడా నడిపినవాణ్ణీ, నడపనిచ్చినవాణ్ణీ ఒకే గాట కడుతుంది. నా హెల్మెట్ ఇద్దామంటే వాడి తలకి పట్టదు. అందుకని తాళాలు ఇవ్వడం మానేశాను.

ఇప్పుడు షాపు మీద తిట్లు. మొదటిది బిల్లు. పెద్దాయన తెల్ల కాగితం ముక్క మీద మొత్తం అంకె వేసి ఇచ్చాడు. ఏదైనా తేడా వస్తే ఏం చూపించాలి? గట్టిగా అడిగితే లోపల వెతికి బిల్లు పుస్తకం తీశాడు, మొహం కాస్త ముడుచుకుని. రెండోది స్పేరు గ్లాసు. వారంలో తెప్పిస్తానన్నాడు, అయిదు సార్లు తిరిగితే నెలన్నరకి వచ్చింది. రెండు వందల యాభై తీసుకున్నాడు. ఫోను ఎత్తడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించి, మిషను పక్కనే నిద్రపోతాడు. ఆ టైములో వెళ్లకండి.

అయినా మా బావమరిదికి కార్డు తిరిగొచ్చాక తీసుకెళ్లింది ఆ షాపుకే. వాడు తన పాత టోపీ వెంట తెచ్చి, దీన్ని తీసుకుని ఏమైనా తగ్గిస్తావా బాబాయ్ అని అడిగాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూసి, కుట్టుమిషను కింద పడేసి, దారపు కండెలు వేసుకోవడానికి పనికొస్తుందని ఇరవై రూపాయలు తగ్గించాడు.

పాపది వచ్చే ఏడాదికి బిగుతవుతుంది. పాతది తీసుకుని కొత్తదానికి సగం ధరే వేస్తానని నోటిమాటగా అన్నాడు. కాగితం మీద మాత్రం రాయించుకోలేదు.