కరెంటు పోయినా నెట్ ఉండాలంటే: మా డాబా మీది వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్

దుగ్గిరాల దగ్గర మా ఊరికి ఫైబర్ లైను ఇంకా రాలేదు. డాబా మీద ఇనుప పైపుకి చిన్న డిష్ రేడియో బిగించి, తెనాలి వైపున్న టవర్ నుంచి కొన్నేళ్లుగా నెట్ తీసుకుంటున్నాం. పిల్లల క్లాసులకీ, యార్డులో పసుపు ధర చూసుకోవడానికీ ఇదే ఆధారం.

నాకు స్పీడు కంటే నచ్చింది దీని కరెంటు వాడకం. డిష్, రౌటర్ కలిపి 15 వాట్లు వేసుకున్నా, రోజుకి 360 వాట్-అవర్లు. పాత సీలింగ్ ఫ్యాన్ ఐదు గంటలు తిరిగితే అంతే అవుతుంది. నెలకి సుమారు 11 యూనిట్లు.

దీన్ని ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి. బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది, అడాప్టర్ దాన్ని మళ్లీ డీసీ చేస్తుంది. రెండుసార్లూ కొంత కరెంటు వేడిగా పోతుంది. పైగా ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తనకోసం కొంత లాగుతూనే ఉంటుంది. మేం రౌటర్‌ని వోల్టేజీ నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ద్వారా, డిష్‌ని 24 వోల్టులకి పెంచే చిన్న బూస్టర్ ద్వారా బ్యాటరీకే కలిపించాం. ఛార్జింగుకి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లో కరెంటు పోయినా మా రౌటర్ లైటు ఆరలేదు. అయినా నెట్ ఆగింది, ఎందుకంటే టవర్ దగ్గర బ్యాటరీ అయిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

మా డిష్ వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ వానకి పెద్దగా తగ్గదు. దానికి అసలు శత్రువు చెట్టు, అందులోనూ తడిసిన ఆకు. టవర్ కంటికి కనిపిస్తే సరిపోదు. ఏడెనిమిది కిలోమీటర్ల దూరమైతే దారి మధ్యలో, డిష్ నుంచి టవర్‌కి గీసిన నేరు గీత చుట్టూ దాదాపు ఆరు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. మా దారిలో కొబ్బరిచెట్లు ఎదిగాక పైపు ఎత్తు పెంచాల్సి వచ్చింది.

2018లో ఈ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (రేడియో తరంగాల శ్రేణిలో) మరింత భాగానికి లైసెన్స్ అక్కర్లేదని ప్రభుత్వం అంది. చిన్న ఆపరేటర్లు పల్లెల్లోకి రావడానికి అది మేలే చేసింది. కానీ అందరూ అదే గాలిలో మాట్లాడటంతో సాయంత్రం ఏడు దాటాక వీడియో కాల్స్ తడబడతాయి. పిడుగుల భయం ఉంది కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని అడ్డుకునేది), మంచి ఎర్తింగ్ తప్పనిసరి.

మీ వీధిలోకి ఫైబర్ వస్తే అదే తీసుకోండి. రాకపోతే ఇది ధైర్యంగా పెట్టించుకోవచ్చు. డబ్బు కట్టేముందు టవర్‌కి బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో, సోలార్ ఉందో లేదో ఆపరేటర్‌ని గట్టిగా అడగండి.