కాళహస్తికి వెళ్తే ఒక రాత్రి ఆగండి

తిరుమల దర్శనం అయ్యాక కాళహస్తికి వెళ్లి, రాహుకేతు పూజ చేయించుకుని, సాయంత్రానికి తిరుపతిలో రైలెక్కేయడం మా ఇంట్లో ఏళ్ల తరబడి ఆనవాయితీ. ఈసారి అమ్మ ఒప్పుకోలేదు. "కలంకారీ వేస్తుంటే కళ్లారా చూడాలి. చూడందే చీర కొనను" అంది. దాంతో రెండు రోజులు పెట్టుకున్నాం.

తిరుపతి నుంచి కాళహస్తికి బస్సులకు కొదవ లేదు. మేం ఏర్పేడులో దిగి, గుడిమల్లం, మాధవమాల రెండూ చూపించేలా ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ కలిపి ముందే ధర తేల్చుకోండి. గుడిమల్లంలో మాకు భోజనం దొరకలేదు. తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవడం మంచిది.

గుడిమల్లం పరశురామేశ్వరాలయంలో గర్భగుడి నేల మండపం కంటే పల్లంగా ఉంటుంది. అయిదడుగుల లింగం, దాని ముందు వైపున యక్షుడి భుజాల మీద నిలబడిన శివుడు. ఒక చేతిలో పొట్టేలు, రెండో చేతిలో చిన్న కుండ, భుజాన గండ్రగొడ్డలి. క్రీస్తు పూర్వపు శిల్పమని చరిత్రకారులు చెబుతారు. తలకిందులుగా వేలాడే ఆ పొట్టేలును చూస్తే, చెక్కినవాడికి మందల సంగతి బాగా తెలుసనిపించింది. అరగంట నిలబడ్డాం, జరగమన్నవారు లేరు. ఈ యాత్రలో ఒక్కచోటే చూడగలిగితే ఇదే చూడమంటాను.

మాధవమాలలో ఇళ్ల ముందే కొయ్య చెక్కుతారు. వేంకటేశ్వరుడి విగ్రహాలే ఎక్కువ. మేం వెళ్లింది మిట్టమధ్యాహ్నం, సగం ఇళ్లలో పని ఆగి ఉంది. ఉదయమే వెళ్లాల్సింది.

కాళహస్తిలో దిగిన లాడ్జిలో గది శుభ్రమే గాని, వేడినీళ్లు చెప్పిన వేళకు రాలేదు. రోడ్డు వైపు గది కావడంతో రాత్రంతా హారన్లు. వెనకవైపు గది అడిగి తీసుకోండి.

మర్నాడు ఒక కలంకారీ కళాకారిణి ఇంటికి వెళ్లాం. కరక్కాయ రసం, పాలు కలిపి గుడ్డను నానబెట్టి ఆరవేస్తారట. పాలలోని జిడ్డు వల్ల సిరా పాకదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో మూడు వారాలు ఊరితే కసిమి అనే నల్లరంగు తయారవుతుంది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ ఆమె నెమలి మెడ గీసింది. కలం నుంచి పలచగా దిగిన గీత కరక్కాయ తగలగానే నల్లబడింది. అమ్మ చెయ్యి చాచబోయింది. "ముట్టుకోవద్దమ్మా, ఇంకా ఆరలేదు" అందామె.

అంతకుముందు సాయంత్రం ఒక దుకాణంలో అచ్చువేసిన చీరను చేత్తో వేసిందని చూపించారు. అచ్చు చీరలో ప్రతి పువ్వూ ఒకేలా ఉంటుంది. చేత్తో వేసినదాంట్లో ఏ రెండు రేకులూ సరిగ్గా కలవవు. అచ్చుపని తక్కువదని కాదు, కృష్ణా జిల్లా పెడనలో అది గొప్ప విద్య. కానీ దాన్ని కలం పనిగా అమ్మితే వారాల తరబడి గుడ్డ మీద వంగి కూర్చున్నవాళ్ల కూలి పోతుంది. ధర ఎక్కువైనా అందుకే మేం ఆ ఇంట్లోనే తీసుకున్నాం, బేరమాడలేదు.

అమ్మ ఎంచుకున్న చీరకు ఇంకా నీలం వేయాలి. పూర్తయ్యాక పోస్టులో పంపుతామన్నారు. అమ్మ వద్దంది, తనే వచ్చి తీసుకుంటుందట.