ఆర్‌ఎక్స్ 100లో ఫోర్జ్‌డ్ పిస్టన్: మూడేళ్ళు వాడాక

ఈ పిస్టన్ వేయించిన మొదటి ఏడాది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట చెప్పాను, కళ్ళు మూసుకుని వేయించుకోండి అని. ఇప్పుడూ మంచి పిస్టన్ అనే అంటాను. కాకపోతే ముందు సిలిండర్ బోరింగ్ (పిస్టన్ సైజుకి తగ్గట్టు లోపల కోయడం) ఎవరి దగ్గర చేయిస్తున్నారు, వాళ్ళ దగ్గర ఆ లోపలి కొలత తీసే బోర్ గేజ్ ఉందా అని అడుగుతున్నాను.

బండి మా నాన్నది, 1992లో తెనాలిలో కొన్నారు. ఆర్‌ఎక్స్ 100 గురించి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా బండిలో చేయించిన మార్పులు మాత్రం చెబుతాను. పోర్టులు (సిలిండర్ గోడకి ఉండే రంధ్రాలు) పైకి లేపించాను, సైలెన్సర్ తీసి చాంబర్ (రేసు బళ్ళకి పెట్టే రకం) పెట్టాను, కార్బురేటర్ ఒక సైజు పెద్దది. ఆయిల్ పంప్ తీసేసి, లీటరు పెట్రోల్‌కి 33 మి.లీ. టూటీ ఆయిల్ నేనే కలుపుకుంటాను. ఏడాదికి రెండు మూడు డ్రాగ్ మీట్లు (తిన్నని దారిలో తక్కువ దూరం పందేలు), మిగతా ఆదివారాలు విజయవాడ చుట్టుపక్కల తిరుగుడు. అంతే నా వాడకం.

పోర్టులు లేపాక ఇంజన్ పది వేల ఆర్‌పీఎం దాటి తిరగడం మొదలుపెట్టింది. ఆ వేగానికి మామూలు కాస్టింగ్ పిస్టన్ (లోహం కరిగించి అచ్చులో పోసింది) స్కర్టు, అంటే దాని కింది భాగం, రెండుసార్లు చిట్లింది. రెండోసారి ఊడిన ముక్క కిందికి పడి క్రాంక్ బేరింగులను కూడా పాడుచేసింది. క్రాంక్ విప్పించి, కొత్త రాడ్ వేయించి, మళ్ళీ బిగించేసరికి పిస్టన్ ఖర్చు ఏ మూలకి? అందుకే మామూలు కిట్ ధరకి మూడు రెట్లు పెట్టి ఫోర్జ్‌డ్ పిస్టన్ తెప్పించాను, 0.50 ఓవర్‌సైజ్, అంటే కంపెనీ సైజు కన్నా అర మి.మీ. పెద్దది.

రెండిటికీ తేడా లోహంలోనే ఉంది. కాస్టింగ్ పిస్టన్‌లో సిలికాన్ ఎక్కువ. వేడికి తక్కువ ఉబ్బుతుంది, కానీ పెళుసు. దెబ్బ తగిలితే ముక్కలవుతుంది. ఫోర్జ్‌డ్‌ది ప్రెస్ కింద ఒత్తి తీసింది. నాకొచ్చిన రకంలో సిలికాన్ దాదాపు లేదు. దెబ్బ తగిలితే వంగుతుంది, సొట్టపడుతుంది, పగలడం అరుదు. అయితే వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి, బోరుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి. 50 మి.మీ. బోరుకి కాస్టింగ్‌దైతే 0.04 సరిపోతుంది. దీనికి 0.06 నుంచి 0.08 మి.మీ. దాకా కావాలి. డబ్బాలో ఒక చిన్న చీటీ మీద అదే రాసి ఉంది. ఆ చీటీ నేను చదివాను. బోరింగ్ చేసే ఆయనకి ఇచ్చాను కూడా.

ఆయన ఇరవై ఏళ్ళుగా ఆర్‌ఎక్స్ సిలిండర్లు చేస్తున్న మనిషి. చీటీ చూసి పక్కన పెట్టేశారు. బోరుకి నూనె రాసి పిస్టన్ వదిలితే తన బరువుకి తానే మెల్లగా జారాలి, అదే కొలత అన్నారు. నా ముందే వదిలి చూపించారు. నిజంగానే ఎంతో అందంగా జారింది. కాస్టింగ్ పిస్టన్లకి ఆ చేతి కొలతే వేలాది బళ్ళు నడిపించింది, దాన్ని తక్కువ చేయను. కానీ ఈ పిస్టన్‌కి అది సరిపోదని ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయాను. ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉన్నది అదొక్కటే.

మొదటి కొన్ని నెలలు బ్రహ్మాండం. రన్నింగ్ (కొత్త పిస్టన్ కుదురుకునే దాకా నెమ్మదిగా నడపడం) జాగ్రత్తగా చేశాను, ఇంజన్ మెల్లగా వేడెక్కేది. పిస్టన్‌తో పాటు సిలిండర్ కూడా ఉబ్బుతుంది కాబట్టి ఇబ్బంది తెలియలేదు. మే నెలలో గుంటూరు నుంచి వస్తుంటే మాత్రం, ఒక పది నిమిషాలు ఫుల్ త్రాటిల్‌లో ఉన్నాక, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి బరువెక్కింది. త్రాటిల్ వదిలితే మళ్ళీ మామూలే. ఎండ వల్ల అనుకున్నాను.

నవంబరులో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్ళాను. అక్కడ లైన్లో చాలాసేపు నిలబెట్టారు. ఇంజన్ ఆపేసి కూర్చున్నాను, పూర్తిగా చల్లబడింది. ఉన్నట్టుండి మా క్లాస్ పిలిచారు. కిక్ కొట్టి, అర నిమిషం కూడా తిప్పకుండా లైన్ మీదికి వెళ్ళాను. ఫస్ట్, సెకండ్ బాగానే లాగింది. థర్డ్‌లో కీచుమని ఒక్క అరుపు, వెనక చక్రం బిగుసుకుపోయింది. టూ స్ట్రోక్ నడిపేవాళ్ళకి క్లచ్ మీద రెండు వేళ్ళు పెట్టి ఉంచే అలవాటుంటుంది. ఆ రోజు నన్ను కాపాడింది ఆ అలవాటే. క్లచ్ నొక్కాను, బండి జారుకుంటూ వెళ్ళి ఆగింది. చేతులు చాలాసేపు వణికాయి.

అందరూ ఒకటే మాట: కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ చిన్నదైంది, పెట్రోల్ తక్కువై పిస్టన్ సిలిండర్‌కి పట్టేసింది. ప్లగ్ తీసి చూస్తే చక్కటి గోధుమ రంగు. మిశ్రమం పలచబడితే తెల్లగా ఉండాలి కదా. అక్కడే నీడలో కూర్చుని హెడ్, సిలిండర్ విప్పాను. పక్క టెంట్‌లో కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. పిస్టన్ చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పి చూశారు.

"పెట్రోల్ తక్కువై పట్టింది కాదు తమ్ముడూ. అట్లయితే గీతలు సైలెన్సర్ వైపు ఉంటాయి. నీకు నాలుగు మూలలా ఉన్నాయి చూడు" అన్నారు.

చూశాను. పిన్ రంధ్రాలకి అటూ ఇటూ, సరిగ్గా నాలుగు చోట్ల నిలువు గీతలు. పిన్ కూర్చునే చోట లోహం మందం, అక్కడ ఎక్కువ ఉబ్బుతుంది. పిస్టన్ అల్యూమినియం, క్షణాల్లో వేడెక్కుతుంది. దాని చుట్టూ సిలిండర్ లోపలి గొట్టంలా ఉన్న ఇనుప లైనర్ ఇంకా చల్లగానే ఉంది. కాస్టింగ్ లెక్కన చేతి కొలతతో వదిలిన ఆ 0.04 ఖాళీ కాస్తా పూడిపోయింది. ఎంత బోరు చేయించావని అడిగారు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చాక అసలు ఆశ్చర్యం ఎదురైంది. లైనర్ పోయిందనుకున్నాను, తీరా చూస్తే గీతలు పడింది ఇనుముకి కాదు. పిస్టన్ అల్యూమినియమే దానికి అంటుకుని ఉంది. గ్లవ్స్ వేసుకుని, గుడ్డ చుట్టిన పుల్లతో బాత్‌రూమ్ యాసిడ్ అంటిస్తే సుయ్‌మని పొంగుతూ వదిలింది. పొంగు ఆగిందంటే అల్యూమినియం అయిపోయినట్టే. వెంటనే నీళ్ళతో కడిగి నూనె పూయాలి, లేకపోతే నిమిషాల్లో తుప్పు. బయట రెక్కలు అల్యూమినియమే కాబట్టి యాసిడ్ చుక్క కూడా అటు పడకూడదు. తర్వాత తేలికగా హోనింగ్ (లోపలి గోడని రాయితో సన్నగా రుద్దడం) చేయించాను. ఈసారి ఆటోనగర్‌లో బోర్ గేజ్ ఉన్న ఇంకో షాపులో, పక్కన నిలబడి. పిస్టన్ గీతల్ని నీటి ఎమరీ కాగితంతో నెమ్మదిగా తీసి, రింగులు కొత్తవి వేశాను. మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే ఖాళీ 0.07 వచ్చింది. చీటీలో రాసిన కొలత, అది పట్టేసిన తర్వాత దొరికింది.

అదే పిస్టన్ ఇప్పటికీ లోపల ఉంది. కాస్టింగ్‌దైతే ఆ రోజే స్కర్టు విరిగి ఉండేదని నా నమ్మకం. మళ్ళీ పట్టలేదు, మేలో ఫుల్ త్రాటిల్‌లో కూడా బరువెక్కలేదు. అందుకే దీని మీద నాకింత ప్రేమ.

ఇక నేను మొదట్లో చెప్పని సంగతులు. పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు నిమిషాలు కటకటమని కొట్టుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు మా నాన్న లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, "ఏరా, కొత్త పిస్టన్ అన్నావు, ఈ చప్పుడేంటి?" అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ ఇంజన్ చప్పుడు విన్న చెవి ఆయనది. వేడెక్కితే పోతుందని ఎంత చెప్పినా ఆయనకి ఇప్పటికీ నచ్చదు. పాతదానికన్నా బరువు ఎక్కువ కాబట్టి హ్యాండిల్‌లో వణుకు పెరిగింది, గంట నడిపితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పిస్టన్ తల ఎత్తు కూడా కొంచెం ఎక్కువ. సీసం తీగ లోపల పెట్టి కిక్ కొట్టి నలిపి కొలిస్తే, పాత పిస్టన్‌తో 1.2 మి.మీ. ఉన్న స్క్విష్ (పిస్టన్ తలకీ హెడ్‌కీ మధ్య సందు) 0.9కి దిగింది. కొలవకుండా బిగించేవాళ్ళు జాగ్రత్త. రింగులు రెండుసార్లు మార్చాను, అది నా వాడకం వల్లే కావచ్చు.

నాకు ఆటోనగర్‌లో మైక్రోమీటర్ పట్టే స్నేహితుడున్నాడు, ఆదివారం బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడే ఓపిక ఉంది. నా పరిస్థితికి ఇది సరిపోయింది. రోజూ కాలేజీకి మూడు కిలోమీటర్లు వెళ్ళొచ్చే బండికి, పోర్టులు ముట్టుకోని ఇంజన్‌కి నేనైతే వేయను. అంత తక్కువ దూరంలో అది సరిగ్గా వేడెక్కే లోపే ఆపేస్తారు, వాళ్ళకి మిగిలేది కటకటలే. కంపెనీ కొలతల కాస్టింగ్ పిస్టన్ వాళ్ళకి చాలా ఏళ్ళు వస్తుంది.

పోయినసారి విప్పినప్పుడు ఖాళీ 0.08 చూపించింది. దీపావళికి మళ్ళీ విప్పుతాను. 0.10 దాటితే 0.75 ఓవర్‌సైజ్‌కి వెళ్ళాలి, ఆ పిస్టన్ కూడా ఫోర్జ్‌డే తెచ్చి పెట్టుకున్నాను. డబ్బాలోని చీటీని ఈసారి సిలిండర్‌కే టేపు వేసి అతికించి ఇస్తాను.