గజ్జికి ఊరందరికీ మాత్రలా, ఇంటింటి చికిత్సా?

ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఆదివాసీ ఊళ్లలో గజ్జిని అదుపు చేయడానికి ఒక దారి, గజ్జి పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఊరందరికీ ఒకేసారి ఇవ్వడం. పని త్వరగా అవుతుంది. రాత్రంతా ఒళ్లంతా పెర్మెత్రిన్ క్రీమ్ పూసుకుని పడుకునే చిరాకు తప్పుతుంది (గర్భిణులకు, పసిపిల్లలకు మాత్రం క్రీమే).

రెండోది, స్థానిక ఆదివాసీ ఆరోగ్య కార్యకర్తలతో కలిసి, పెచ్చులు కట్టే గజ్జి ఉన్న ఇళ్లను గుర్తించి నెలల తరబడి చూసుకోవడం. నెమ్మది పనే. కానీ మామూలు గజ్జిలో ఒంటిమీద 10-15 పురుగులుంటే, ఈ రకంలో వేలు, ఒక్కోసారి లక్షలు. అలాంటివాళ్లు ఒక్కరు మిగిలినా ఇరుకింట్లో అందరికీ మళ్లీ అంటుకుంటుంది. గోకిన పుండ్లలో చేరే స్ట్రెప్ బ్యాక్టీరియా వల్ల కిడ్నీలకూ ముప్పే. అందుకే నా ఓటు రెండోదానికి. మాత్రలు దానికి తోడుగా ఉండాలి. వాషింగ్ మెషీన్ పనిచేయని ఇంట్లో దుప్పట్లు ఉతకమని చెప్పి వెళ్లిపోతే మాత్రం ఏ పద్ధతైనా ఒకటే.