ఐసీయూ లోపల మంచిదే, బయట కూర్చునే దిక్కే లేదు

నిమోనియా ముదిరితే మా బావను హనుమకొండలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేర్పించాం. కొత్త బ్లాక్. స్టాఫ్ నర్సుగా రిటైరైనదాన్ని, విజిటింగ్ టైంలో లోపలికి పోతే పేషెంటుతో పాటు గదినీ చూస్తా.

మంచాలు గోడకు ఆనించి లేవు. ఆక్సిజన్, సక్షన్, ప్లగ్గులు అన్నీ పైకప్పు నుంచి దిగిన పెండెంట్ అనే వేలాడే స్తంభానికే ఉన్నాయి. తల వైపు మనిషి నిలబడేంత జాగా ఉంది. ఊపిరి ఆడక ఉన్నట్టుండి గొంతులో ట్యూబ్ వేయాల్సి వస్తే డాక్టర్ నిలబడేది అక్కడే. గోడకు ఆనిన మంచమైతే ముందు దాన్ని గుంజాలి, ఆ గుంజుడులో వైర్లన్నీ చిక్కుపడతాయి. నా సర్వీసులో ఎన్నిసార్లు గుంజామో! ఇక్కడ ప్లాన్ గీసినవాళ్లు నర్సులను అడిగే గీశారనుకున్నా.

సింకు చూశాక ఆ నమ్మకం సడలింది. ఉన్నది ఒక్కటే, అదీ తలుపు దగ్గర. మోచేతితో తిప్పే నల్లా పెట్టారు, సంతోషం. కానీ మంచం మంచానికీ తిరిగే సిస్టర్ ప్రతిసారీ అంత దూరం పోతుందా? శానిటైజర్‌తో సరిపెడుతున్నారు. విరేచనాలు తెచ్చే సి-డిఫ్ లాంటి క్రిములకు అది చాలదు, సబ్బూ నీళ్లే కావాలి.

బావకు మొదట లోపలి వరుస మంచం ఇచ్చారు. రాత్రీ పగలూ అదే ట్యూబ్‌లైట్ వెలుతురు. పొద్దున పదకొండింటికి "పొద్దుగూకిందానే?" అని అడిగాడు. సాయంత్రానికి సెలైన్ సూది పీకబోయాడు. దీన్నే డెలీరియం అంటారు. గడియారం ఉంది కానీ నర్సుల కౌంటర్ వైపు తిరిగి ఉంది. పట్టుబట్టి కిటికీ పక్కకు మార్పించాం, వేపకొమ్మ కనబడేది. మెల్లగా కుదుటపడ్డాడు. మందుల వల్ల కూడా కావచ్చు, నేను మాత్రం కిటికీ ఖాతాలోనే వేశా. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తిరగేస్తే, కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు ఇటుక గోడ కనబడినవాళ్ల కంటే ముందే ఇంటికి పోయారని తేలింది.

ఇక అటెండెంట్ల సంగతి. బయట ఐదారు ఇనుప కుర్చీలే. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లు మెట్ల మీదే టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. డాక్టర్ గారు పరిస్థితి చెప్పేది లిఫ్ట్ ముందు, అందరూ వింటుండగానే. పక్క పేషెంటు కిడ్నీల సంగతి నాకిప్పుడు పూర్తిగా తెలుసు.

ఐదుకు మూడు స్టార్లు. మీవాళ్లను చేర్పించాల్సి వస్తే, అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడే కిటికీ పక్క మంచం అడగండి.